ఎన్ఎక్స్ బిట్టు

ఎన్ఎక్స్ బిట్టు (నో-ఎగ్జిక్యూట్ బిట్టు) అనునది కంప్యూటరు మెమొరీలోని ఒక పేజీలో ఉన్న బైట్లను ప్రాసెసరు ఆదేశాలుగా అమలు చేయవచ్చునా, చేయరాదా అని తెలిపే గుర్తు. "అమలు చేయరాదు" అని గుర్తు పెట్టిన పేజీని ప్రోగ్రాములు చదువుకొనవచ్చును, అనుమతి ఉంటే అందులో వ్రాయవచ్చును. కానీ అందులోని బైట్లను ఆదేశాలుగా నడపడానికి ప్రయత్నిస్తే ప్రాసెసరు పనిని నిలిపివేసి అదుపును ఆపరేటింగు సిస్టముకు అప్పగిస్తుంది. ఎక్స్86 కుటుంబపు ప్రాసెసర్లలో దీనిని మొదట ఏఎండీ సంస్థ 2003లో తన 64-బిట్ల ప్రాసెసర్లతో ప్రవేశపెట్టినది. ఇంటెల్ సంస్థ 2004లో దీనినే ఎక్స్‌డీ బిట్టు (ఎగ్జిక్యూట్ డిజేబుల్) అను పేరుతో స్వీకరించినది. ఏఆర్ఎం ప్రాసెసర్లలో ఇటువంటి గుర్తును ఎక్స్ఎన్ అంటారు. వినియోగదారులకు ఇది ఎక్కువగా విండోస్‌లోని డీఈపీ (డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్) అను పేరుతో పరిచితము.

ప్రాసెసరులో ఈ బిట్టు ఉన్నంత మాత్రమున ఏ రక్షణయు కలుగదు. ఆపరేటింగు సిస్టము దానిని గుర్తించవలెను, ప్రాసెసరులో ఆ సదుపాయమును ఆన్ చేయవలెను, ప్రతి ప్రోగ్రాముకు చెందిన ఏయే పేజీలకు ఆ గుర్తు పెట్టవలెనో నిర్ణయించవలెను. పాత ప్రోగ్రాములు చెడిపోకుండా చూచుకొనవలసిన బాధ్యత కూడా దానిదే. ఈ చివరి పనికే ఎక్కువ కాలము పట్టినది.

నేపథ్యము

నేటి కంప్యూటర్లలో ప్రోగ్రాము ఆదేశాలు, ఆ ప్రోగ్రాము పనిచేసే సమాచారము రెండును ఒకే మెమొరీలో ఉంటాయి. ఒక బైటును చూచి అది ఆదేశమో, ఒక చిత్రములోని చుక్కయో, ఎవరో టైపు చేసిన అక్షరమో చెప్పడము సాధ్యము కాదు. ప్రాసెసరు ఏ చిరునామాకు వెళ్ళమంటే అక్కడికి వెళ్ళి, అక్కడ ఉన్నదానిని ఆదేశముగా భావిస్తుంది.

ఈ లక్షణమును వాడుకొను దాడులలో ముఖ్యమైనది బఫరు ఓవర్‌ఫ్లో. ఒక ప్రోగ్రాములో ఏదైనా ఫంక్షన్ పిలువబడినపుడు, పని ముగిసిన తరువాత తిరిగి ఎక్కడికి రావలెనో ఆ చిరునామా స్టాకు అను మెమొరీ భాగములో దాచబడుతుంది. స్టాకు అనగా ఒకదానిపై ఒకటి పేర్చిన పళ్ళెముల దొంతర వంటిది. ఆ ఫంక్షన్ తాత్కాలికముగా వాడుకొను బఫర్లు కూడా అదే దొంతరలో, తిరుగు చిరునామాకు దగ్గరగానే ఉంటాయి. 100 బైట్లు పట్టే బఫరులోనికి వచ్చిన సమాచారమును కొలత చూడకుండా నింపే ప్రోగ్రాముకు 200 బైట్లు పంపితే, మిగిలిన బైట్లు పొంగి పక్కనున్న తిరుగు చిరునామాను చెరిపివేస్తాయి. దాడి చేయువాడు తన సొంత ఆదేశాలను ఆ సమాచారములోనే ఇమిడ్చి, తిరుగు చిరునామా స్థానములో ఆ ఆదేశాలున్న చోటును వ్రాసిపెడితే, ఫంక్షన్ ముగియగానే ప్రాసెసరు నేరుగా వాటిని నడుపుతుంది. ఆ ప్రోగ్రాముకు ఉన్న అధికారాలన్నియు దాడి చేసినవానికి సంక్రమిస్తాయి.

1988 నవంబరులో వ్యాపించిన మోరిస్ వర్మ్ ఈ పద్ధతిని వాడిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ. అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు 6,000 కంప్యూటర్లు దాని బారిన పడినట్లు అంచనా. 1996లో ఫ్రాక్ అను పత్రికలో ఈ పద్ధతిని అంచెలంచెలుగా వివరించిన ఒక వ్యాసము వెలువడిన పిదప ఇది అందరికీ అందుబాటులోనికి వచ్చినది. 2001 జులైలో కోడ్ రెడ్ వర్మ్ 14 గంటల లోపే 3,59,000 పైగా కంప్యూటర్లకు సోకినది. 2003 జనవరి 25న వచ్చిన ఎస్‌క్యూఎల్ స్లామర్ పరిమాణము కేవలము 376 బైట్లు. అది ఒకే ఒక్క యూడీపీ ప్యాకెట్టులో ప్రయాణించి, దుర్బలమైన కంప్యూటర్లలో 90 శాతమునకు పైగా పది నిమిషాలలోనే పట్టుకొన్నది. ఆ లోపమునకు మైక్రోసాఫ్ట్ ఆరు నెలల ముందే, అనగా 2002 జులైలో, ప్యాచ్ విడుదల చేసి ఉన్నది. దానిని వేసుకొనని కంప్యూటర్లు అంత ఎక్కువగా ఉండినవి. స్లామర్ నడచినది స్టాకులోని బైట్ల నుండియే. స్టాకును "అమలు చేయరాదు" అని గుర్తించగల ప్రాసెసరు, ఆ గుర్తును వాడే ఆపరేటింగు సిస్టము ఆనాడు ఉండి ఉంటే, ప్యాచ్ లేని కంప్యూటరులో సైతము ఆ ఆదేశాలు నడిచేవి కావు. సర్వరు ప్రోగ్రాము ఆగిపోయేది, వర్మ్ మాత్రము ముందుకు సాగేది కాదు.

80386 నాటి లోటు

మెమొరీలో ఆదేశాలను, సమాచారమును వేరుపరచవలెనను ఆలోచన కొత్తది కాదు. 1960వ దశకపు బరోస్ యంత్రాలలోను, మల్టిక్స్ వ్యవస్థలోను ఇటువంటి ఏర్పాట్లు ఉండినవి. స్పార్క్, ఆల్ఫా వంటి ప్రాసెసర్లలో పేజీల స్థాయిలోనే అమలు అనుమతి ఉండేది. సన్ సంస్థ 1997లో విడుదల చేసిన సొలారిస్ 2.6లో స్పార్క్ యంత్రాలపై స్టాకును అమలు చేయరానిదిగా మార్చు ఐచ్ఛికము కలదు. ప్రపంచములో అత్యధికముగా వాడబడిన ఎక్స్86 ప్రాసెసర్లలోనే ఇది లేకపోయినది.

1985లో వచ్చిన ఇంటెల్ 80386లో మెమొరీని విభజించడానికి రెండు పద్ధతులు ఉన్నవి. మొదటిది సెగ్మెంట్లు. ఒక సెగ్మెంటు ఆదేశాలకా, సమాచారమునకా అని ఇందులో చెప్పవచ్చును. రెండవది 4 కిలోబైట్ల పేజీలు. పేజీకి "వ్రాయవచ్చునా" అనియు, "సామాన్య ప్రోగ్రాములు తాకవచ్చునా" అనియు మాత్రమే గుర్తులు కలవు. చదవగలిగిన ప్రతి పేజీని అమలు కూడా చేయవచ్చును. ఇంటెల్ ఉద్దేశములో అమలును అదుపు చేయవలసినది సెగ్మెంట్లు. కానీ విండోస్, లినక్స్ మొదలైన ఆపరేటింగు సిస్టములు సెగ్మెంట్లను చిక్కుగా భావించి, ఆదేశాల సెగ్మెంటును, సమాచార సెగ్మెంటును రెండింటిని 0 నుండి 4 గిగాబైట్ల వరకు పరచి, ఒకదానిపై ఒకటి కప్పివేసినవి. ఇతర ప్రాసెసర్లకు కూడా అదే కోడు పనికివచ్చునను సౌలభ్యము దీనికి ఒక కారణము. దీనితో ఉన్న ఒక్క రక్షణ కూడా పనికిరాకుండా పోయినది. తప్పు హార్డ్‌వేరుదా, సాఫ్ట్‌వేరుదా అనే ప్రశ్నకు సూటి సమాధానము లేదు. రెండు వైపులవారు ఎదుటివారు కాపలా కాస్తారని అనుకొన్నట్లు అయినది.

సాఫ్ట్‌వేరుతో జరిగిన ప్రయత్నాలు

ప్రాసెసరులో ఆ బిట్టు లేకపోయినను దాని పనిని అనుకరించడానికి కొన్ని ప్రయత్నాలు జరిగినవి. సోలార్ డిజైనర్ అను పేరుతో ప్రసిద్ధుడైన ప్రోగ్రామరు 1997లో లినక్స్‌కు స్టాకును అమలు చేయనీయని ప్యాచ్ తయారుచేసినాడు. అదే సంవత్సరము ఆగస్టులో తన ప్యాచ్‌ను ఎట్లు దాటవచ్చునో కూడా అతడే ప్రకటించినాడు.

2000లో మొదలైన పాక్స్ అను లినక్స్ ప్యాచ్ ఇంకను ముందుకు వెళ్ళినది. పెంటియం ప్రాసెసర్లలో చిరునామాల అనువాదమును దాచిపెట్టు చిన్న పట్టికలు ఆదేశాలకు ఒకటి, సమాచారమునకు ఒకటి వేరువేరుగా ఉంటాయి. పాక్స్ ఈ రెండు పట్టికలను కావాలనే పొందిక లేకుండా ఉంచి, ఏ పేజీ ఆదేశముగా కోరబడుతున్నదో కనిపెట్టేది. దీనివలన వేగము తగ్గేది. తరువాత వచ్చిన మరొక పద్ధతిలో ప్రోగ్రాముకు లభించే 3 గిగాబైట్ల చిరునామాలను రెండు సగాలుగా చీల్చి, ఒక సగము నుండి మాత్రమే ఆదేశాలను నడిపేవారు. వేగము నిలిచినది కానీ చోటు సగమైనది.

ఓపెన్‌బీఎస్‌డీ 2003 మే నెలలో విడుదలైన 3.3 కూర్పులో "వ్రాయదగినది అమలు కారాదు, అమలు కాదగినది వ్రాయబడరాదు" అను నియమమును కొన్ని రకాల ప్రాసెసర్లపై ప్రవేశపెట్టి, అదే సంవత్సరము నవంబరులో 3.4 కూర్పు ద్వారా 32-బిట్ల ఎక్స్86కు కూడా విస్తరించినది. రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేస్తూ ఇంగో మోల్నార్ 2003లో రూపొందించిన ఎగ్జెక్ షీల్డ్ కూడా సెగ్మెంటు హద్దులను ఆధారముగా చేసుకొన్నదే. ఇది ఫెడోరా కోర్ 1తో వినియోగదారులకు చేరినది.

పనిచేయు విధానము

ప్రోగ్రాము వాడే చిరునామాను అసలు మెమొరీ చిరునామాగా మార్చుటకు ప్రాసెసరు పేజీ పట్టికలను చూస్తుంది. 32-బిట్ల సాధారణ పద్ధతిలో ఒక్కొక్క పేజీకి ఈ పట్టికలో 32 బిట్ల నమోదు ఉంటుంది. అందులో 20 బిట్లు చిరునామాకే పోగా, మిగిలిన 12లో మూడు ఆపరేటింగు సిస్టముల సొంత వాడకమునకు వదలివేయబడినవి. తక్కినవానికి ఇతర పనులు కలవు. కొత్త గుర్తుకు చోటు లేదు. ఏఎండీ 64-బిట్ల నిర్మాణములో ప్రతి నమోదు 64 బిట్లకు పెరిగినది. అందులో అన్నిటికంటె పైనున్నది, అనగా సున్న నుండి లెక్కిస్తే 63వది, ఎన్ఎక్స్ బిట్టు. అది 1 అయితే ఆ పేజీలో అమలు నిషిద్ధము.

32-బిట్ల ఆపరేటింగు సిస్టము దీనిని వాడుకొనవలెనన్నచో పీఏఈ అను పద్ధతిలో నడవవలెను. పీఏఈ 1995లో పెంటియం ప్రోతో వచ్చినది. 4 గిగాబైట్లకు మించిన మెమొరీని వాడుకొనడానికి ఉద్దేశించిన ఈ పద్ధతిలో నమోదులు 64 బిట్లవి కనుక పై బిట్టుకు చోటు దొరికినది. ఎక్కువ మెమొరీ అవసరము లేనివారు కూడా కేవలము ఒక్క బిట్టు కొరకు పీఏఈని ఆశ్రయించవలసివచ్చుటకు కారణము ఇదియే.

ఆపరేటింగు సిస్టము బూటు అగునపుడు సీపీయూఐడీ అను ఆదేశము ద్వారా ప్రాసెసరుకు ఈ సదుపాయము ఉన్నదో లేదో అడుగుతుంది. ఉన్నచో ఈఎఫ్ఈఆర్ అను రిజిస్టరులో ఒక బిట్టును 1 చేసి దానిని ఆన్ చేస్తుంది. బయోస్‌లో కూడా దీనిని నిలిపివేయు ఐచ్ఛికము ఉండుట సాధారణము. బయోస్ దాచిపెడితే ప్రాసెసరులో ఉన్న సదుపాయము ఆపరేటింగు సిస్టముకు కనబడదు. ఇంటెల్ ప్రాసెసర్లలో బయోస్ పెట్టిన ఈ తాళమును తరువాతి లినక్స్ కెర్నెళ్ళు బూటు సమయములో తామే తీసివేస్తున్నవి.

విండోస్

మైక్రోసాఫ్ట్ ఈ సదుపాయమును 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తోను, 2005లో విండోస్ సర్వర్ 2003 సర్వీస్ ప్యాక్ 1తోను అందించినది. 2003 ఆగస్టులో బ్లాస్టర్, 2004 మే నాటికి సాసర్ వర్మ్‌లు లక్షల కొలది ఎక్స్‌పీ కంప్యూటర్లను పీడించిన కాలమది. ఎన్ఎక్స్ ఉన్న ఏఎండీ ప్రాసెసర్లు అప్పటికే అంగళ్ళలో ఉన్నవి. ఇంటెల్ తన పెంటియం 4 ప్రాసెసర్లకు దీనిని 2004లోనే చేర్చి, అటువంటి కొన్ని నమూనాలను సంఖ్య చివర జే అను అక్షరముతో అమ్మినది. ఏఎండీ తన ప్రకటనలలో దీనిని "ఎన్‌హాన్స్‌డ్ వైరస్ ప్రొటెక్షన్" అని పిలిచినది. ఈ పేరు కొంత అతిశయోక్తి. వినియోగదారుడు తానే తెరచి నడిపించిన వైరసు ఫైలును ఈ బిట్టు ఆపలేదు.

డీఈపీకి నాలుగు స్థితులు కలవు. ఒకటి, విండోస్ సొంత ప్రోగ్రాములకు, తామై కోరుకొన్నవాటికి మాత్రమే వర్తించుట. రెండు, మినహాయింపు కోరినవాటికి తప్ప అన్నిటికి వర్తించుట. మూడవ, నాలుగవ స్థితులలో అది పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్. ఇంటి కంప్యూటర్లకు మొదటిది, సర్వర్లకు రెండవది అప్రమేయముగా ఇవ్వబడినవి. అందువలన ఎక్స్‌పీ వాడిన ఇళ్ళలో రక్షణ ఉన్నట్లు సెట్టింగులలో కనబడినను, బయట నుండి తెచ్చి పెట్టుకొన్న బ్రౌజర్లు, మీడియా ప్లేయర్లలో అనేకము దాని పరిధిలోనికి రాలేదు. 64-బిట్ల విండోస్‌పై నడిచే 64-బిట్ల ప్రోగ్రాములకు మాత్రము ఇది తప్పనిసరి. వాటికి మోయవలసిన పాత బరువు లేదు.

గందరగోళమునకు మరొక కారణము పేరు. ఎన్ఎక్స్ లేని ప్రాసెసర్లపై కూడా విండోస్ "సాఫ్ట్‌వేరు డీఈపీ" ఉన్నదని చూపేది. అది మినహాయింపులను సంబాళించు ఫంక్షన్ల చిరునామాలు సరియైనవేనా అని తనిఖీ చేయు వేరొక ఏర్పాటు. సమాచార పేజీల నుండి అమలును అది ఆపదు.

డీఈపీ కొరకు 32-బిట్ల ఎక్స్‌పీ తనంతట తానే పీఏఈ కెర్నెలును ఎంచుకొనేది. పీఏఈతో 4 గిగాబైట్లకు పైబడిన చిరునామాలు వస్తే అనేక డ్రైవర్లు తికమకపడుతున్నవని తేలుటతో, సర్వీస్ ప్యాక్ 2లో భౌతిక చిరునామాలను 4 గిగాబైట్లకే పరిమితము చేసినారు. అందులో కొంత భాగము గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలకు పోతుంది. 4 గిగాబైట్ల మెమొరీ కొని, తెరపై మూడు చిల్లర మాత్రమే చూచి ఆశ్చర్యపోయినవారి సమస్యకు మూలము ఇక్కడ ఉన్నది.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 7 వరకు బ్రౌజరులో డీఈపీ అప్రమేయముగా ఆఫ్‌లోనే ఉండినది. మైక్రోసాఫ్ట్ యొక్క ఏటీఎల్ అను లైబ్రరీ పాత కూర్పులు నడుస్తుండగానే చిన్న చిన్న ఆదేశ శకలాలను సమాచార పేజీలలో తయారుచేసుకొనేవి. వాటితో కట్టిన యాడ్-ఆన్లు డీఈపీ ఆన్ చేయగానే కూలిపోయేవి. 2009 మార్చిలో వచ్చిన 8వ కూర్పుతో, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3, విస్టా సర్వీస్ ప్యాక్ 1 మరియు తరువాతి వాటిపై ఇది ఆన్ అయినది. హార్డ్‌వేరు వచ్చినది 2003లో. ఇంటర్నెట్‌లో అన్నిటికంటె ఎక్కువ ప్రమాదమునకు గురియగు ప్రోగ్రాముకు రక్షణ అందినది ఆరేళ్ళ తరువాత.

లినక్స్

64-బిట్ల లినక్స్ ఎన్ఎక్స్‌ను ముందే వాడుకొన్నది. 32-బిట్ల పీఏఈ కెర్నెలుకు ఇంగో మోల్నార్ తదితరులు వ్రాసిన మార్పులు 2004 ఆగస్టులో విడుదలైన 2.6.8 కూర్పులో చేరినవి. విండోస్‌లో వలె ప్రోగ్రాముల జాబితా కాక, లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాము ఫైలులోనే "నాకు అమలు కాగల స్టాకు కావలెను" లేదా "అక్కరలేదు" అను గుర్తు ఉంటుంది. ఏ గుర్తు లేని పాత ఫైలుకు పాత పద్ధతిలోనే అనుమతి ఇవ్వబడేది.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. జీసీసీ కంపైలరు ఒక ఫంక్షన్ లోపల మరొక ఫంక్షన్‌ను అనుమతిస్తుంది. లోపలి దానికి చిరునామా తీసుకొన్నపుడు స్టాకుపైనే ఒక చిన్న ఆదేశ శకలమును వ్రాస్తుంది. అటువంటి ప్రోగ్రామునకు అమలు కాగల స్టాకు నిజముగానే అవసరము. కానీ చేతితో అసెంబ్లీలో వ్రాసిన ఒక్క ఫైలులో గుర్తు పెట్టుట మరచినను, లింకరు మొత్తము ప్రోగ్రామునకే అమలు కాగల స్టాకు అవసరమని భావించేది. అటువంటి లైబ్రరీని మధ్యలో తెచ్చుకొన్న పెద్ద ప్రోగ్రాము యొక్క స్టాకు కూడా చెప్పకుండానే తెరుచుకొనేది. ఒకరి మరపు వలన అందరి తలుపు తెరిచి ఉండుట అనవచ్చును. 2025 జనవరిలో వెలువడిన గ్లిబ్‌సీ 2.41లో ఈ మర్యాద తొలగింపబడినది. నడుస్తున్న ప్రోగ్రాము అటువంటి లైబ్రరీని కోరితే ఇప్పుడు స్టాకు తెరుచుకొనదు, లైబ్రరీయే నిరాకరింపబడుతుంది.

ఇతర వ్యవస్థలు

ఫ్రీబీఎస్‌డీ 2004 నవంబరులో 5.3తో ఎన్ఎక్స్‌ను స్వీకరించినది. ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారిన 2006 నుండి మ్యాక్ ఓఎస్ టెన్‌లో స్టాకుకు ఈ రక్షణ లభించినది. ఆండ్రాయిడ్‌లో 2010 డిసెంబరు నాటి 2.3 కూర్పు నుండి స్టాకు, హీపులకు ఇది వర్తిస్తున్నది.

జావా, జావాస్క్రిప్టు వంటి భాషలను నడుపు ప్రోగ్రాములు అప్పటికప్పుడు ఆదేశాలను తయారుచేసి మెమొరీలో వ్రాసి నడుపుతాయి. దీనిని జిట్ అంటారు. ఇవి ఆపరేటింగు సిస్టమును అడిగి అమలు అనుమతి గల పేజీలు తీసుకొనవలెను. చాలా కాలము ఈ పేజీలు వ్రాయుటకు, అమలుకు ఏకకాలములో తెరిచి ఉండేవి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2016లో 46వ కూర్పుతో వీటిని వ్రాయునపుడు ఒక విధముగా, నడుపునపుడు మరొక విధముగా మార్చుట ప్రారంభించినది.

పాత కంప్యూటర్ల స్థితి

ఆపరేటింగు సిస్టములు మొదట ఎన్ఎక్స్‌ను "ఉంటే వాడుకొందుము" అను రీతిలో స్వీకరించినవి. ఆ తరువాత "లేనిదే నడవను" అను రీతికి మారినవి. 2012లో వచ్చిన విండోస్ 8కు పీఏఈ, ఎన్ఎక్స్, ఎస్ఎస్ఈ2 మూడును తప్పనిసరి చేయబడినవి. అదే సంవత్సరము అక్టోబరులో ఉబుంటు 12.10 పీఏఈ లేని కెర్నెలును మానివేసినది. 2003 ప్రాంతపు పెంటియం ఎం ల్యాప్‌టాపులలో కొన్ని పీఏఈ లేనివి, లేదా ఉండియు ఉన్నట్లు చెప్పుకొననివి. చక్కగా పనిచేస్తున్న ఆ యంత్రాలు ఆ విధముగా కొత్త కూర్పులకు దూరమైనవి. భద్రతా సవరణలు అందని పాత కూర్పుతోనే వాటిని నడుపుకొనవలసివచ్చుట ఇందులోని వైపరీత్యము.

పరిమితులు

ఎన్ఎక్స్ దాడి చేయువాని సొంత ఆదేశాలను ఆపుతుంది. ప్రోగ్రాములో ముందే ఉన్న ఆదేశాలను ఆపజాలదు. తిరుగు చిరునామాను సీ లైబ్రరీలోని ఏదో ఒక ఫంక్షన్ వైపు మళ్ళిస్తే ఎన్ఎక్స్‌కు అభ్యంతరము ఉండదు. 1997లో సోలార్ డిజైనర్ చూపినది ఇదియే. 32-బిట్ల విండోస్‌లో ప్రోగ్రాము తన డీఈపీని తానే ఆపుకొను ఏర్పాటు ఒకటి ఉండగా, దాడి చేయువారు దానినే పిలిచి డీఈపీని నిలిపివేయవచ్చునని 2005లో చూపబడినది. 2007లో హోవావ్ షచామ్, ప్రోగ్రాములలో అక్కడక్కడ ఉన్న చిన్న ఆదేశ శకలాలను తిరుగు చిరునామాల వరుసతో కుట్టి, కొత్త ఆదేశము ఒక్కటియు ప్రవేశపెట్టకుండా ఏ పనినైనను చేయించవచ్చునని నిరూపించినాడు. ఈ పద్ధతిని రిటర్న్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అంటారు.

దీనికి విరుగుడుగా లైబ్రరీలను, స్టాకును ప్రతిసారి వేరువేరు చోట్ల ఉంచు ఏఎస్ఎల్ఆర్ పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. పాక్స్ దీనిని 2001లో, లినక్స్ కెర్నెలు కొంత మేరకు 2005లో, విండోస్ 2007లో విస్టాతో ప్రవేశపెట్టినవి. ఈ రెండింటిలో ఒకటి లేనిదే రెండవది బలహీనము. లైబ్రరీ ఎక్కడున్నదో తెలిస్తే ఎన్ఎక్స్‌ను దాటవచ్చును, ఎన్ఎక్స్ లేకపోతే లైబ్రరీ చిరునామా తెలియనవసరమే ఉండదు.

ఇదే త్రోవలో, కెర్నెలు పొరపాటున సామాన్య ప్రోగ్రాము పేజీలలోని ఆదేశాలను నడపకుండా ఆపు ఎస్ఎంఈపీ అను సదుపాయము 2012లో ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో వచ్చినది. లినక్స్ దీనికి మద్దతును 2011లోనే 3.0 కూర్పులో సిద్ధము చేసినది. తిరుగు చిరునామాల నకలును వేరొక రక్షిత దొంతరలో దాచి పోల్చిచూచు షాడో స్టాకు 2020లో ఇంటెల్ టైగర్ లేక్, ఏఎండీ జెన్ 3 ప్రాసెసర్లలో చేరినది. సామాన్య ప్రోగ్రాములకు దీని మద్దతు లినక్స్‌లో 2023 అక్టోబరున 6.6 కూర్పుతో వచ్చినది.

కంప్యూటరులో ఉన్నదో లేదో తెలుసుకొనుట

లినక్స్‌లో ప్రాక్ డైరెక్టరీలోని సీపీయూఇన్ఫో ఫైలును తెరచి, ఫ్లాగ్స్ అను వరుసలో ఎన్ఎక్స్ అను రెండక్షరాలు ఉన్నవో లేవో చూడవలెను. విండోస్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగములో పెర్ఫార్మెన్స్ సెట్టింగులను తెరిస్తే డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్ అను పుట కనబడుతుంది. నాలుగు స్థితులలో రెండు మాత్రమే ఇక్కడ ఎంచుకొనవచ్చును. ఏదైనా ఒక ప్రోగ్రాము డీఈపీ వలన ఆగిపోతుంటే డీఈపీని పూర్తిగా తీసివేయనవసరము లేదు, రెండవ స్థితిని ఎంచుకొని ఆ ఒక్క ప్రోగ్రామునే మినహాయింపుల జాబితాలో చేర్చవచ్చును. అయితే ఇన్నాళ్ళు బాగుగా నడిచిన ప్రోగ్రాము హఠాత్తుగా ఇట్లు ఆగిపోవుట మొదలైనచో, మినహాయింపు ఇచ్చుటకు ముందు దాని కొత్త కూర్పు ఉన్నదేమో చూచుట, తెరచిన ఫైలు ఎక్కడినుండి వచ్చినదో ఆరా తీయుట మేలు.